దిగువకు దిగని బర్రె

పశువుల దవాఖాన పక్కన నడుస్తున్నప్పుడు అయోడిన్ వాసన తగిలితే, ఉప్పునుంతలలో మా దొడ్డి, అందులో ఏమీ చేయకుండా నిలబడ్డ డాక్టరు గుర్తొస్తారు.

నేనప్పుడు మూడో తరగతి. మా బర్రె మేత మానేసింది. అంతకుముందే, కొంటామని వచ్చి చూసిపోయినవాళ్లు పక్కింటివాళ్ల బర్రెను ఎత్తుకుపోయారు. అందుకే ఈ కొత్త డాక్టరు సంచి కూడా తెరవకుండా మా బర్రెనే చూస్తుంటే నాకు అనుమానమొచ్చింది.

"అమ్మా, గీయన డాక్టర్ కాదు, దొంగ. చూసిపోనీకి వచ్చిండు," అన్నాను చెవిలో.

అమ్మకూ నమ్మకం కుదరలేదు. "సూది ఎయ్యరా సారూ? గట్ల చూస్తే రోగం పోతదా?"

"జర ఆగమ్మా. దాన్ని బయట మిట్ట ఎక్కిచ్చి, దిగువకు నడిపియ్యి."

తోలుకుపోవడానికే ఈ ఎత్తు అనుకుని నేను పలుపు గట్టిగా పట్టుకున్నాను. బర్రె మిట్టమీదికి బాగానే ఎక్కింది. కిందికి తిప్పగానే వీపు వంచి, మూలిగి, ఆగిపోయింది.

"కడుపుల ఇనుపముక్క గుచ్చుకున్నట్టుంది. దిగితే బరువంత ముందరికి ఒత్తి నొస్తది. అందుకే దిగుతలేదు," అన్నాడాయన.

ఆయన బండి మలుపు తిరిగేదాకా నేను పలుపు వదల్లేదు.

మర్నాడు వచ్చి ఆపరేషన్ చేసి, గడ్డితోపాటు మింగిన తీగముక్క బయటికి తీశాడు. కొన్నాళ్లకు బర్రె మళ్లీ నెమరు వేసింది.

అంతకుముందు వాగులోకి దిగనంటే దాన్ని మొండిదని తిట్టిన అమ్మ, ఆ తర్వాత ఏ పశువు మొరాయించినా ముందు కాసేపు నిలబడి చూసేది.