పక్కింటి పాలు

ద్వారకానాథ్ గారి గ్యారేజీలో మూడు ఫ్రిజ్‌లున్నాయనీ, మూడింటి నిండా పాలేననీ బ్లాక్‌టౌన్‌లో ఆ వీధి వీధంతా చెప్పుకునేది. అది తొంభై తొమ్మిది డిసెంబరు, ఆ దేశంలో ఎండాకాలం. నెలాఖరుకి కంప్యూటర్లన్నీ తిక్కపట్టి రెండువేల సంవత్సరాన్ని పంతొమ్మిది వందలనుకుంటాయనీ, కరెంటు పోతుందనీ, కొట్లు మూతపడతాయనీ జనం కొవ్వొత్తులూ బియ్యం బస్తాలూ కొని పెట్టుకుంటున్న రోజులు. ఆ ప్రళయం వచ్చాక వీధిలోవాళ్లందరికీ కాఫీ అమ్ముకుందామని ఆయన పాలు దాస్తున్నాడట. కరెంటు పోయాక ఫ్రిజ్‌లో పాలు ఏమవుతాయని మాత్రం ఎవరూ అడగలేదు.

పుకారు సంగతి ఎలా ఉన్నా, ఆయన గురించి అందరూ కళ్లారా చూసిన నిజం ఒకటుంది. ఎవరింటికి వెళ్లినా మనిషి కంటే ముందు మొక్కను పలకరిస్తారు. పలకరించడమంటే ఆకు తిరగేసి వెనకవైపు చూడడం.

ఆయన విజయవాడ డివిజన్‌లో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరై, కొడుకు అచ్యుత్ దగ్గరికి వచ్చారు. రైళ్లు దిగారు గానీ తనిఖీ మానలేదు. "టికెట్టు ముందువైపు అందరిదీ బావుంటుందండీ. మోసమంతా వెనకవైపే" అనేవారు. పేనుబంకా, తెల్లదోమా ఆయనకి టికెట్ లేని ప్రయాణికులు. వాటిని పట్టే సాలీడు స్క్వాడ్ ఇన్‌స్పెక్టరు.

ఓసారి బ్యాంకులో వరసలో నిలబడి, పక్కనున్న కుండీలో ఆకు తిరగేసి, "ఎంత ఆరోగ్యమో చూశావా! ఏం ఎరువు వేస్తున్నారో అడుగు" అని కొడుకుని పోరారు. అది ప్లాస్టిక్ మొక్క అని అచ్యుత్ చెవిలో చెప్పాడు. "అయితే ఏం? శుభ్రంగా ఉంది" అని ఆకుని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టారు. వీధి చివర శ్యామసుందరి ఆంటీ ఇంట్లో వ్రతం జరుగుతుంటే తాంబూలంలో తమలపాకులు ఒక్కొక్కటీ తిరగేస్తూ కూర్చున్నారు. పంతులు గారు మంత్రం ఆపి మరీ ఎదురుచూశారు. "కానివ్వండి. అన్నిటికీ టికెట్లున్నాయి" అన్నాక గానీ వ్రతం ముందుకు సాగలేదు.

ఆ ఆకుల ఇన్‌స్పెక్టరు ఒకరోజు పొద్దున్నే బాను ఇంటి పెరటి గేటు తట్టారు.

బానుది తెనాలి. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది, పెళ్లయింది, బ్లాక్‌టౌన్ వచ్చిపడింది. భర్త జైద్ ఒక బ్యాంకు కంప్యూటర్లకి తారీఖులు దిద్దే పనిలో చీకటితో రైలెక్కి చీకటిపడ్డాక దిగుతాడు. బాను మాత్రం గుమ్మం దాటదు. అక్కడ మనవాళ్లు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "ఏ వీసా?", రెండోది "ఏం చదివారు?" ఆ రెండో ప్రశ్నకి భయపడి ఆమె లోకాన్నంతా వంటింటి కిటికీలోంచే చూసేది. కిటికీ ఎదురుగా ఫిజీవాళ్ల కొట్లో కొన్న విత్తనంతో వేసిన సొరపాదు ఉంది.

ఆ పాదు మీదే ఇప్పుడు ఇంటి పరువంతా వేలాడుతోంది. "ఈద్‌కి మా పెరటి సొరకాయతో దాల్చా. టీమ్ మొత్తం రావాలి" అని జైద్ ఆఫీసులో గొప్పగా పిలిచేశాడు. పెళ్లయ్యాక బాను చేతి మొదటి విందు అదే. ఆమె లెక్క ఆమెకుంది. సొరకాయ ఉంటే వచ్చినవాళ్లు సొరకాయ గురించి మాట్లాడతారు. లేకపోతే రెండో ప్రశ్న వేస్తారు.

సరిగ్గా అప్పుడే ఆకుల మీద ఎవరో గోధుమపిండి జల్లెడ పట్టినట్టు తెల్లగా పొడి లేచింది.

"లోపల ఎవరైనా ఉన్నారామ్మా? లేకపోయినా పర్లేదు, నేను పాదు కోసం వచ్చాను" అంటూ ద్వారకానాథ్ గారు లోపలికొచ్చేశారు. బాను కర్టెన్ వెనకనించి చూస్తోంది. ఆయన ఆకు తిరగేశారు. ఇంకోటి తిరగేశారు. "అయ్యయ్యో, బోగీ బోగీ అంతా టికెట్ లేనివాళ్లే!" అని తల పట్టుకున్నారు.

ఆ గొంతులో దిగులు విని బాను తనకి తెలియకుండానే బయటికి వచ్చేసింది. "చచ్చిపోతుందా అంకుల్?"

"బూడిద తెగులమ్మా. చావదు గానీ, వదిలేస్తే కాయ నిలవదు. గాలి ఆడకుండా ఇంత గుబురెందుకు పెంచావ్? బాగా పట్టిన ఆకులు తుంచెయ్. నీళ్లు మొదట్లో పొయ్యి."

"మందు కొట్టాలా?"

"మందెందుకు? తినే కాయ. పాలు కొడదాం. ఒక వంతు పాలు, తొమ్మిది వంతులు నీళ్లు, పొద్దుటెండలో."

బాను పరుగున వెళ్లి ఫ్రిజ్‌లోంచి పాలసీసా తెచ్చింది. ఆయన దాన్ని తిరగేసి అడుగు చూసి, "ఇవి మీ ఇంటి పాలు కదూ? పనికిరావు" అన్నారు.

"అంటే?"

"పక్కింటి పాలు కావాలి. ఇంట్లో తోడు లేకపోతే పెరుక్కి ఎక్కడికెళ్తాం? పక్కింటికేగా. ఇదీ అంతే."

"కానీ మా ఇంట్లో ఉన్నాయిగా అంకుల్!"

"టీసీతో వాదించకూడదమ్మా, ఫైను పడుతుంది" అని ఆయన పెరట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు. పాలు వచ్చేదాకా కదిలేలా లేరు.

బాను పాదుకేసి చూసింది. పందిరి కింద బొటనవేలంత పిందె, కొసన వాడిన పువ్వుతో వేలాడుతోంది. చున్నీ సర్దుకుని వెళ్లి పక్కింటి తలుపు కొట్టింది. తలుపు తీసిన శ్రీదేవి, "హాయ్! హౌ ఆర్ యూ?" అని గట్టిగా చేతులూపింది.

"అక్కా, కాసిని పాలుంటే..." ఆమె ఇంట్లో తెలుగు మాటలు బానుకి కిటికీలోంచి రోజూ వినిపించేవే.

"నీకు తెలుగొచ్చా! ఇన్నాళ్లూ కంచె మీంచి చేతులూపలేక చచ్చాను కదే! ఏ ఊరు?"

"తెనాలి."

"మాది చీరాల! లోపలికి రా. ఆగాగు, పాలు ఎవరికి? ఆ ముసలాయన వచ్చాడా?" శ్రీదేవి గొంతు తగ్గించి గ్యారేజీ కథంతా చెప్పింది. మూడు ఫ్రిజ్‌లట, పెద్ద తాళమట. "ఇదిగో, ఆయన స్టాక్‌కి నా వంతు" అని పకపకా నవ్వి సీసా చేతికిచ్చింది.

బాను సీసా చూసింది. తన ఇంట్లో ఉన్నదీ ఇదే కొట్టుది, ఇదే నీలం మూత. మరి దీనికున్న మహత్తు ఏమిటో! అడగడానికి నోరు రాలేదు గానీ, ఆ అనుమానం మాత్రం పాదుతో పాటే పాకడం మొదలెట్టింది.

తర్వాత శ్రీదేవి కీరా పాదుకి బూడిద పట్టింది. ద్వారకానాథ్ గారు ఆమెను బాను ఇంటికి తోలారు. శ్యామసుందరి ఆంటీ గుమ్మడికి పట్టింది. ఆమెను శ్రీదేవి ఇంటికి తోలారు. "నా ఫ్రిజ్ నిండా పాలు పెట్టుకుని ఇంకొకళ్లని అడుక్కోవడమేంటండీ?" అని ఆంటీ గొణిగింది. గొణుగుతూనే వెళ్లి, సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు. ఆ వీధిలో పాలు ఒకచోట నిలవడం మానేశాయి. ఆయన చక్రాల సంచీలో ఖాళీ పాలసీసాలు టకటకలాడుతూ తిరుగుతుంటే పుకారుకి ఇంకో ఫ్రిజ్ తోడైంది.

ఆ సీసాలు నత్తల కోసం. సగానికి కోసి, అంచు దాకా మట్టిలో పాతి, ఎర పోసేవారు. "వీటిలో బీరు పోస్తారు. మీ ఇంట్లో వద్దులే, రంజాన్ నెల. ఈస్టూ, పంచదార నీళ్లూ చాలు" అన్నారు బానుతో. తెల్లారేసరికి నత్తలు అందులో పడివున్నాయి. "చూశావా, జనరల్ కంపార్ట్‌మెంట్!"

ఒకరోజు ఆకు మీద పసుపూ నలుపూ చారల పురుగు కనిపిస్తే బాను చెప్పు తీసింది.

"ఆగు! దానికి టికెట్టుంది!" అని ఆయన అంత దూరం నుంచీ అరిచారు. "అది తినేది ఆ బూడిదనే."

బాను నమ్మలేదు. ముక్కు ఆకుకి ఆనించి చూస్తూ కూర్చుంది. నిజమే. పురుగు మెల్లగా నడిచిన దారంతా పచ్చగా తేలింది, పలక మీద తడిగుడ్డ లాగినట్టు. ఆ పూట ఆమె అన్నీ మరిచి దాని వెనకే తిరిగింది.

పాత ఆకులు ఎండిపోయాయి. "పోయినవాటిని పాలు లేపవమ్మా, వచ్చేవాటిని కాస్తాయి" అన్నారాయన. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. కొన్ని పిందెలు రాలి, రెండు నిలిచాయి.

జనవరి ఒకటిన పొద్దున బాను స్విచ్ వేస్తే లైటు వెలిగింది. జైద్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లతోనే నిద్రపోయాడు. ద్వారకానాథ్ గారు గేటు దగ్గర నిలబడి, "మీవాడి కంప్యూటర్లకి బూడిద పట్టలేదటగా! పాలేమైనా కొట్టారా?" అన్నారు.

ఈద్ రోజు ఇల్లు నిండింది. ఆ రెండు కాయలూ దాల్చాకి సరిపోయాయి. జైద్ టీమ్ లీడర్ విఠల్ రెండోసారి వడ్డించుకుంటూ, "ఫస్ట్ క్లాస్ అమ్మా! నిజంగా కెమికల్స్ లేకుండానేనా? మా బ్యాక్‌యార్డ్‌లో అన్నీ వైట్ అయిపోయి చచ్చాయి. ఎలా చేశారు?" అన్నాడు.

బాను మొదలెట్టింది. పాలు, పొద్దుటెండ, పసుపు పురుగు, నత్తల కంపార్ట్‌మెంట్. చుట్టూ ఉన్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని దగ్గరికి జరిగారు. జైద్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తన పెళ్లానికి ఇన్ని మాటలున్నాయని అతనికీ అప్పుడే తెలిసింది. రెండో ప్రశ్న ఎవరికీ గుర్తు రాలేదు.

పిలిచినా ద్వారకానాథ్ గారు మాత్రం రాలేదు. మోకాలు పట్టేసిందట. విందు అయ్యాక బాను డబ్బాలో దాల్చా సర్దుకుని, శ్రీదేవిని వెంటబెట్టుకుని, స్టేషన్ దగ్గరున్న ఆయన ఇంటికి మొదటిసారి వెళ్లింది. పాత బిల్డింగు. రెండంతస్తుల మెట్లెక్కితే యూనిట్, అంటే చిన్న ఫ్లాటు. బాల్కనీలో బట్టలారేసే స్టాండు తప్ప ఒక్క మొక్క లేదు. అచ్యుత్ టీ ఇచ్చాడు. అది కూడా నల్లటి టీ.

"సారీ అండీ, నాన్నకి పాలు పడవు. ఇంట్లో ఉంచం" అన్నాడు.

శ్రీదేవి, బాను మొహాలు చూసుకున్నారు.

"వచ్చిన కొత్తలో ఏడాదంతా ఈ బాల్కనీలోనే కూర్చుండిపోయారు. ఓరోజు కింద యూనిట్ ఆవిడ పాలు అడగడానికొచ్చింది. మా దగ్గర లేవు. ఆవిడకి తెలుగు రాదు, నాన్నకొచ్చే ఇంగ్లీషు టికెట్ మీద ఉన్నంతే. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. ఆ మర్నాటి నుంచే షూస్ వేసుకుని వీధుల్లో పడ్డారు."

బాను కుర్చీలో ఉన్న పెద్దాయన వైపు తిరిగింది. ఇన్నాళ్ల అనుమానం ఇక ఆగలేదు. "అంకుల్, మా ఇంటి పాలే కొట్టుంటే పాదు బాగయ్యేది కాదా?"

"ఎందుకవదూ? పాదుకి ఎవరి పాలైనా ఒకటేనమ్మా" అంటూ ఆయన డబ్బా మూత తీశారు. దాల్చా మీద పుదీనా ఆకు ఉంది. చెంచాతో దాన్ని తిరగేసి వెనకవైపు చూశారు. టికెట్ ఉన్నట్టుంది, నోట్లో వేసుకున్నారు.

దిగి వస్తూ శ్రీదేవి బిల్డింగు చుట్టూ ఒక పూర్తి చక్కరు కొట్టింది. దానికి గ్యారేజీయే లేదు.