పుట్టని మనిషితో లక్ష్మీనర్సయ్య మాటలు

మా పక్కింటి లక్ష్మీనర్సయ్యకు ఇంకా పుట్టని మనిషితో మాట్లాడే అలవాటు. పుట్టిన వాళ్లతో ఆయనకు పెద్దగా మాటల్లేవు. పొద్దున గొర్రెల్ని తోలుకుపోయి సాయంత్రం తోలుకొచ్చేదాకా ఆయన నోటినుంచి వచ్చేవి రెండు మూడు అదిలింపులే. మాడుగులపల్లిలో సగం మందికి ఆయన గొంతు ఎలా ఉంటుందో తెలియదు. అలాంటి మనిషి కోడలి కడుపులో ఉన్న బిడ్డతో మొదలుపెట్టాడంటే రేడియో కూడా సిగ్గుపడాలి.

నవ్వుకోవడానికే ఇది రాస్తున్నాను. కానీ ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు లేదని ముందే చెప్పాలి. ఆయన ఒక్కగానొక్క కొడుకు ధర్మేందర్ వడ్ల లారీ నడిపేవాడు. సూర్యాపేట అవతల హైవే మీద ప్రమాదంలో పోయాడు. అప్పటికి కోడలు నాగరాణికి నాలుగో నెల. దినాలు అయ్యాక అత్త మణెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కోడలు లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. మాట లేదు, తిండి లేదు. మేం వెళ్లి బతిమాలితే అన్నం కలిపి, ఓ ముద్ద తిని, చెయ్యి కడిగేసుకునేది.

ఆ ఇంట్లో మామ కోడలితో ఎదురుపడి మాట్లాడే వాడుక లేదు. ఏం చెప్పాలన్నా "ఏమే, పిల్లకు సెప్పు" అని భార్యతోనే చెప్పించేవాడు. ఇప్పుడు ఆ భార్యే ఎవరికీ పలకడం లేదు.

నేను ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. ఒకనాడు గర్భిణులకు మీటింగ్ పెట్టాం. నాగరాణి గడప దాటి రాలేదు. ఆమెకిచ్చే పాలూ గుడ్లూ తీసుకుపోదామని లక్ష్మీనర్సయ్యే వచ్చి, గొంగడి భుజాన వేసుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల ఆస్పత్రి నుంచి వచ్చిన నర్సమ్మ చెబుతోంది: ఐదో నెలలో బిడ్డ కదలడం తెలుస్తుంది, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, ఐరన్ మాత్ర టీతో మింగకండి, స్కానింగ్ మరవకండి. చివర్న, "ఇగ మెల్లమెల్లగ లోపలున్న బిడ్డకు మాటలు ఇనవడ్తయి. మంచి మాటలు మాట్లాడుర్రి," అంది.

గుమ్మంలోంచి గొంతు వచ్చింది. "ఇంటదా?"

అందరూ తిరిగి చూశారు. లక్ష్మీనర్సయ్య మాట్లాడాడు!

"ఇంటది, పెద్దయ్యా."

"గోడ అవుతల్నుంచి మాట్లాడినా?"

"జర గట్టిగ మాట్లాడితే ఇంటది."

"గొర్రెల సప్పుడు?"

"అన్ని ఇంటది."

"మరి ముందుగాల సెప్పకుంటే ఎట్లమ్మా? గొర్రెలు పొద్దుగాల్నే లొల్లి వెడ్తయి. పోరడు దడుసుకుంటడు గద!" అని గుడ్లు పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నేను వాకిట్లో ప్రార్థన చేసుకుంటుంటే పక్కింటి నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఓ పెద్దమనిషీ! నేను మీ తాతను. లక్ష్మీనర్సయ్యను. మనం గొల్లోళ్లం. ఇగో, గీ సప్పుడు బోరు మోటరుది. భయపడకు. గది గొర్రె. గది ఇంకో గొర్రె. జర సేపాగితే పక్కింట్ల టీచరమ్మ కుక్కర్ సీటీ కొడ్తది, గదానికీ భయపడకు."

కుక్కర్ కూతవేసింది. "సెప్పిన్నా లేదా!" అన్నాడు గర్వంగా.

ఆ రోజునుంచి ఊళ్లో ఏ చప్పుడూ పరిచయం లేకుండా ఆ ఇంటి దాకా పోలేదు. డీజే పెట్టుకుని పెళ్లి ఊరేగింపు వస్తే ఎదురెళ్లి ఆపాడు. "ఆగుర్రి! నేను లోపలికి వోయి సెప్పొస్త, గప్పుడు కొట్టుకోర్రి." పెళ్లికొడుకు గుర్రం మీదే ఆగాడు. ఈయన వెళ్లి చెప్పి వచ్చాడు. తర్వాతే డీజే మోగింది.

అన్నం వేళ తలుపు అవతల పీట వేసుకుని కూర్చునేవాడు. "ఓ పెద్దమనిషీ, గుడ్డు తిన్నవా? తినలేదా? నీకు సేతులు లేకపాయె. మీ అమ్మకు జర సెప్పరాదు." కాసేపు చెవి ఒగ్గేవాడు. "సెప్పినవా? నిమ్మలంగ సెప్పు. సతాయించకు. అమ్మ పరేషాన్‌ల ఉన్నది."

ఆ వీధిలో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "కొడుకు వోయిండు, పాపం ముసలాయనకు మతి సలించింది," అనేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. అయితే ఒకటి గమనించాను. ఆయన పీట మీంచి లేచాక కంచంలో గుడ్డు ఒక్కోసారి ఉండేది కాదు.

స్కానింగ్‌కి మిర్యాలగూడ వెళ్లాల్సిన రోజు నన్ను తోడు రమ్మన్నాడు. ఆటోలో ఆయన డ్రైవర్ పక్కన ముందుకు తిరిగి కూర్చుని, వెనకున్న మనవడికి దారంతా చూపించాడు. "గిది వేములపల్లి. రెండు దిక్కులా వరే. ఇగ మిర్యాలగూడ వచ్చింది, గీ వాసన రైస్ మిల్లులది." డ్రైవర్ నావైపు అద్దంలో భయంగా చూశాడు. "నువ్వు నడుపు నాయినా, నీతోని గాదు," అన్నాను.

స్కానింగ్ గదిలోకి మగవాళ్లను రానివ్వలేదు. నేను నాగరాణి పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మ తెర చూస్తూనే మామూలుగా అడిగింది. "భర్త రాలేదా అమ్మా?"

నాగరాణి పైకప్పుకేసి చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ సమయంలో తలుపు అవతల్నుంచి, ఆస్పత్రి అంతా వినిపించేలా కేక.

"ఓ పెద్దమనిషీ! జర సక్కగ తిరుగు! ఫోటో తీస్తున్నరు! మీ నాయిన ఏ ఫోటోల సూసినా కండ్లు మూసుకునే ఉంటడు. నువ్వన్న తెరువు బిడ్డా!"

కాంపౌండర్ ఆయన్ని కసిరాడు. నాగరాణి కళ్ల కొసల్నుంచి నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. ధర్మేందర్ పోయాక ఆ పిల్ల ఏడవడం నేను మొదటిసారి చూశాను. కొంగుతో తుడిచి, మనసులోనే ప్రభువును వేడుకున్నాను.

డాక్టరమ్మ విషయం తేల్చి చెప్పింది. బిడ్డ బాగానే ఉంది కానీ నెలలకు తగ్గ బరువు లేదు. తల్లికి రక్తం తక్కువ. ఇలాగే తినకపోతే బిడ్డకే ప్రమాదం.

తిరుగుదారిలో లక్ష్మీనర్సయ్య వేములపల్లి దాకా నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఓ పెద్దమనిషీ, నువ్వు సన్నగున్నవంట. పరవాలేదు. నీది తప్పు గాదు." కొంచెం ఆగి, "ఎవ్వలదీ తప్పు గాదు," అన్నాడు.

ఇంటి దగ్గర దిగాక అడిగాను. "నర్సన్నా, నిజం సెప్పు. లోపలున్న బిడ్డకు నీ మాటలు తెలుస్తయా?"

ఆయన నేలకేసి చూశాడు. "నాకేం ఎర్క టీచరమ్మా. గని, మాట బిడ్డ దాకా పోవాల్నంటే ముందుగాల తల్లి సెవులవడ్తది గద."

నాకు ఇంక నవ్వు రాలేదు.

మా వైపు నెలలు నిండకముందే పుట్టింటి వాళ్లు సూడిదలు తెస్తారు. తీపి వంటలు, తొక్కు పచ్చళ్లు, పూలు, గాజులు. నాగరాణి పుట్టిల్లు కోదాడ. ఆమె తల్లి వచ్చింది. అరిసెలు తెచ్చింది, తొక్కు తెచ్చింది. పూలూ గాజులూ తేలేదు. ఎలా తెస్తుంది? వచ్చిన ఆడవాళ్లంతా చాప మీద తలలు వంచుకుని కూర్చున్నారు. నాగరాణి బోసి చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చావు ఇంట్లో లాగానే ఉంది.

లక్ష్మీనర్సయ్య గుమ్మం దాకా వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, కాగితం పొట్లం ఒకటి లోపలికి జరిపాడు. విప్పితే ఆకుపచ్చ గాజులు.

ఒక పెద్దావిడ ఉలిక్కిపడింది. "గిదేం పని నర్సయ్యా! మొగడు లేని పిల్లకు గాజులా?"

"కోడలికి గాదక్కా. లోపలున్న పెద్దమనిషికి."

"బిడ్డ ఏసుకుంటదా?"

"ఇంటది గద! నర్సమ్మను అడుగుర్రి. మోటరు సప్పుడు ఇన్నది, గొర్రెల సప్పుడు ఇన్నది, నా సప్పుడు ఇని ఇని యాష్టకొచ్చింది. తల్లి గాజుల సప్పుడొక్కటి ఇనకుండనే పుట్టాల్నా? మరి చేతికెయ్యకుంటే అవి ఎట్ల మోగుతయ్?"

పెద్దావిడ చాప మీద వెనక్కి జరిగింది. అలా అని ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. నేను లేవబోయాను. అంతలో గోడవైపు పడుకున్న మణెమ్మ లేచింది. తడబడుతూ వచ్చి కోడలి ముందు కూర్చుని, ఒక్కో గాజూ తొడిగింది. తొడగడానికి కష్టమే లేదు. అవి జారి మోచేతిదాకా పోయాయి.

"గింత పెద్దయి తెచ్చినవేందయ్యా!" అంది మణెమ్మ.

"సైజు అడిగిండు దుకాణపాయన. నా కోడలి చెయ్యి నేనెన్నడన్న కన్నెత్తి సూసిన్నా?" అన్నాడు గోడకేసి చూస్తూ. "ఓ పెద్దమనిషీ, మీ అమ్మకు సెప్పు. గాజులు మార్చుడు లేదు. తిని చెయ్యే సరిజేసుకోవాలె."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరా అని చూస్తే, నాగరాణి. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బొంగురుపోయిన గొంతుతో అంది.

"మామయ్యా, మీ పెద్దమనిషి తన్నుతున్నాడు. తాత ఒకటే మాట్లాడుతుంటే అమ్మ అన్నం ఎప్పుడు తింటుందని అడుగుతున్నాడు."

లక్ష్మీనర్సయ్య టక్కున నోరు మూశాడు. మణెమ్మ కంచం పెట్టింది. నాగరాణి ముద్ద కలిపింది. తిన్నది. మళ్లీ కలిపింది. ఆయన గుమ్మం బయట అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట మింగుతున్నాడు. చివరికి తల దించుకునే, తలుపు దగ్గరికి వచ్చాడు.

"నాగరాణీ... బిడ్డా... తొక్కు ఎయ్యాల్నా?"

"వేయండి మామయ్యా."

ఆయన వంటింట్లోకి పరుగెత్తాడు. అంత వయసొచ్చినా ఆ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో ఎరగని మనిషి. క్షణంలో ఏదో భళ్లున పగిలింది.

"పాడువడ్డోడా, ఉప్పు జాడీ పలగ్గొట్టినవా!" అంటూ మణెమ్మ కొంగు దోపుకుని లేచింది. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో తిట్లు వినిపించాయి. ఇంటికొచ్చి మా గిన్నెలు తోముకుంటూ సాయంత్రందాకా విన్నాను.