కుర్చీ నిండా కూర్చోమన్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున, తార్నాకలో ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు పాలగిన్నె ఇద్దామని తలుపు తడితే పలకలేదట. నిద్రలోనే పోయిందన్నాడు డాక్టరు. “కొన్నాళ్లు ఆగు బిడ్డా, మనసు జర కుదుట పడ్డంక రాయి” అన్నాడు మా నాన్న. ఆగితే లాభం లేదు. ఆదివారం జరిగిన సంతాపసభలో ఆమెను పొగడ్తల కింద పూడ్చారు. ఆమె పేరే అడ్డం పెట్టుకుని ఆమె చేసిన పనిని కూడా పూడ్చబోతున్నారు. వచ్చే నెలలో వార్డు ఎన్నికకు నామినేషన్లు. అవి దాటిపోయాక నేనెంత బాగా రాసినా ఎవరికీ అక్కరకు రాదు. అందుకే కోపం తగ్గకముందే రాస్తున్నాను.

ఆ సభలో మాట్లాడినవాళ్లంతా మగవాళ్లే. అందరూ చెప్పింది ఒకటే. ఆమె తల్లిలాంటిదట, వెన్నలాంటి మనసట, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. ముందువరసలో కూర్చుని, వీళ్లు ఎవరి గురించి మాట్లాడుతున్నారా అనుకున్నాను. మా టీచరమ్మ నోటికి జడిసి పాలవాడు పాలల్లో నీళ్లు కలపడం మానేశాడు. ఆమెకు అన్ని తిట్లు ఎందుకు వచ్చో, వాటిని ఎవరికి, దేనికి నేర్పిందో అక్కడ ఒక్కరూ ఎత్తలేదు.

ఆమెది గుంటూరు వైపు. ఆడపిల్లల బడిలో మాకు సోషల్ చెప్పేది. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. మెట్టుగూడ క్వార్టర్లలో మా ఇంట్లో నా బడి పుస్తకాలు తప్ప వేరే అచ్చు కాగితం ఉండేది కాదు. ఏడో తరగతి కాగానే నన్ను మాన్పించబోతున్నారని తెలిసి ఆమె మా ఇంటికి వచ్చింది. నులక మంచం మీద కూర్చుని, “ఏమయ్యా, మీరు పట్టాలు వేస్తారు కదా, సగం దూరం వేసి ఆపేస్తారా? రైలెక్కినవాడి గతేం కాను?” అంది. మా నాన్న నవ్వలేక నవ్వాడు. ఆ మాటతోనే నేనివాళ క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతున్నాను. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే మొదలు.

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆమెకు పోలింగు డ్యూటీ పడేది. ఆడవాళ్ల వరసలో వేళ్లకు సిరా పెట్టే పని. “సిరా పెట్టడానికి ఆడది కావాలి. పెట్టించుకోవడానికి ఆడది కావాలి. కాగితం తిప్పి చూస్తే ఒక్క ఆడపేరు లేదు. ఇదేం పెళ్లే, పెళ్లికూతురు లేకుండా?” అనేది. రిటైరైన వెంటనే తన ముందుగది తలుపులు తెరిచిపెట్టింది. ఆదివారం చర్చి నుంచి రాగానే మా పాఠం. క్యాంపస్ గోడ వెనక బస్తీ నుంచి కూలిపనుల ఆడవాళ్లు, మా క్వార్టర్ల వాళ్లు, హాస్టల్ పిల్లలు ఇద్దరు ముగ్గురు, నేనూ చేరేవాళ్లం.

మొదటి పాఠం కూర్చోవడం. ఆ గదిలో మూడు పేము కుర్చీలుండేవి. ఎవరిని కూర్చోమన్నా కిందే కూలబడేవారు. మరీ బలవంతపెడితే కుర్చీ అంచున, ఇప్పుడే లేచి పోతామన్నట్టు ఆనేవారు. “కుర్చీ నిండా కూర్చోండి. అంచున ఉన్నవాళ్లను లేపడం ఎవరికైనా తేలిక” అని ఒక్కొక్కరినీ భుజాలు పట్టి వెనక్కి నొక్కేది. మా అమ్మ ఒకసారి వచ్చి ఆ కుర్చీలో వెనక్కి ఆనేసరికి ఆమె కాళ్లు నేలకు అందలేదు. అందరం నవ్వాం. “కాళ్లు ఊగితే ఊగనీ. వీపు ఆనిందా లేదా?” అంది టీచరమ్మ.

తర్వాతది తిట్ల పాఠం. ఒకరు నిలబడి ఓట్లడగాలి, మిగిలినవాళ్లం అల్లరి చెయ్యాలి. అందరికంటే పెద్ద అల్లరి టీచరమ్మదే. తలకు తువ్వాలు చుట్టుకుని కిటికీ గట్టు మీద కూర్చుని మగగొంతుతో అరిచేది. బస్తీ నుంచి వచ్చే యాదమ్మ అనే ఆవిడ ఆ అరుపులకు బాగా జవాబిచ్చేది. ఆవిడ హాస్టల్ మెస్సులో పని చేస్తుంది. బస్తీ మొత్తానికి ఒక్కటే నల్లా ఉందని ఎన్నోసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి.

“ఏమే, నీ మొగుడికి అన్నం వండొచ్చావా?” అని టీచరమ్మ అరిచేది.

“వండి పెట్టిన. తిని పండిండు. నీకు దూప అయితున్నదా అన్నా? తాగుదమంటె మన బస్తీల నీళ్లు లెవ్వు. గందుకే నిలబడ్డ.”

“నీకీ మాటలన్నీ ఆంధ్రా టీచరమ్మ నేర్పించిందటగా!”

ఆ మాట టీచరమ్మే అంటుందని మేం అనుకోలేదు. “ఏం, బయట అనకుండా ఉంటారా? చెప్పవేం?” అని గద్దించింది.

యాదమ్మ కొంగు దోపుకుంది. “నేర్పింది గుంటూరామెనే. అడుగుతున్నయి మాత్రం మన నీళ్లు.”

కిందటి వార్డు ఎన్నికకు యాదమ్మ నిలబడింది. టీచరమ్మ ముందుగదిలో పలక మీద దిద్దుకున్న సంతకంతో నామినేషన్ వేసింది. అప్పుడు నేను పి.యు.సి.లో ఉన్నాను. ఉపసంహరణకు ఆఖరి రోజు పొద్దున టీచరమ్మా నేనూ ఆవిడ ఇంటికి వెళ్లాం. మా వెనకే బస్తీ పెద్దమనిషి, ఇంకో నలుగురు వచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. యాదమ్మను బెదిరించలేదు. పెద్దమనిషి టీచరమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

“ఏందే యాదమ్మా, టీచరమ్మంతటి మనిషి నీ ఇంటికొస్తే గట్లనే కూసున్నవ్? చాయ్ పెట్టవా?”

యాదమ్మ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ బస్తీలో ఎవరింట్లో ఎవరు చాయ్ తాగరో అందరికీ తెలుసు. “నాకు వద్దు” అంటే, ఆ ఇంటి చాయ్ ముట్టనని ఐదుగురు మగవాళ్ల ముందు చెప్పినట్టే. అది తెలిసే అన్నాడు ఆ పెద్దమనిషి.

యాదమ్మ లేచింది. తెర వెనక కిరోసిన్ స్టవ్వుకు పంపు కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఈలోపల పెద్దమనిషి ఆవిడ భర్త భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంటి మాటంటె నీ మాటనే గద తమ్మీ. నీకు పక్కా నౌకరి చూసే జిమ్మా నాది. ఆడిదాన్ని గల్లీ గల్లీ తిప్పుడు నీకిజ్జతా?”

“నామినేషన్ వేసింది ఆమె. ఆమెను రానివ్వండి” అంది టీచరమ్మ.

“వస్తది టీచరమ్మా, ఏడికి పోతది? చాయ్ తెస్తది.” అందరూ నవ్వారు.

యాదమ్మ గ్లాసులతో బయటికి వచ్చేసరికి మగవాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు. “మాటిచ్చిన. నా ఇజ్జత్ తియ్యకు” అన్నాడు భర్త, ఆవిడ మొహం చూడకుండా. టీచరమ్మ వాళ్లతో ఎంత వాదించినా ఎవరూ వినలేదు. ఆ మధ్యాహ్నమే యాదమ్మను రిక్షా ఎక్కించుకుని ఆఫీసుకు తీసుకెళ్లారు. ఆవిడ సంతకం రెండోసారి పడింది తన పేరు తానే కొట్టేసుకోవడానికి. తాము అడిగిన చాయ్‌ని వాళ్లలో ఒక్కరూ ముట్టలేదు. టీచరమ్మ మాత్రం చల్లారిన ఆ చాయ్‌ని చివరి చుక్క దాకా తాగింది. ఆ తర్వాత ఆమె ఎక్కడా చాయ్ తాగగా నేను చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు క్యాంపస్ దారిలో కాలేజీ రాతిమెట్ల దాకా ఆమె విసవిసా నడిచింది. అక్కడ ఆగి, పిల్లలు వింటారన్న వెరపు లేకుండా గట్టిగా అంది. “ఏడాది పొడుగూ తిట్లకు తట్టుకోవడం నేర్పాను. మర్యాదకు తట్టుకోవడం నేర్పలేదు. నా మర్యాద కోసం లేచిందే అది!” కోపంతో గొడుగు మొనను మెట్టు మీద పొడిచింది. ఆ కోపం పెద్దమనిషి మీద కొంత, తన మీద చాలా. ఇవాళ నాకు అంత కోపమూ ఒక్కచోటికే పోతోంది.

మరుసటి ఆదివారం నుంచి కొత్త పాఠం మొదలైంది. నేనూ హాస్టల్ పిల్లలూ పెద్దమనుషుల వేషం కట్టి వచ్చేవాళ్లం. దండాలు పెట్టి, యోగక్షేమాలు అడిగి, ముద్దుగా చాయ్ అడగాలి. కుర్చీలో ఉన్న మనిషి లేవకూడదు. “నేను మాట్లాడుతున్న. మా ఇంటాయన పెడతడు” అనాలి.

“మా ఇంటాయనకు పొయ్యి ఎటుంటదో తెల్వది టీచరమ్మా!” అందొకామె.

“కుండ ఎటుందో తెలుసుగా? మంచినీళ్లిమ్మను.”

నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకునేవాళ్లం. తిట్లకు వెంటనే జవాబు చెప్పే ఆడవాళ్లు కూడా ఈ పాఠంలో మాటిమాటికీ తప్పేవారు. ఎవరైనా గుమ్మంలోకి రాగానే వాళ్ల కాళ్లు వాటంతటవే లేచేవి. టీచరమ్మ వెనక నిలబడి భుజాల మీద చేతులుంచేది.

ఇప్పుడు ఆదివారం సభ సంగతి. ఆ పెద్దమనిషే అధ్యక్షుడు. ఆఖరున ఆయన లేచి అన్నాడు. “టీచరమ్మకు లొల్లి అంటె గిట్టది. ఆమె ఆత్మకు శాంతి గావాల్నంటె ఈసారి మన వార్డు ఏకగ్రీవం చేసుకుందం. గల్లీకి ఆమె పేరు పెట్టుకుందం.” చప్పట్లు. ఆ ఏకగ్రీవం ఎవరికో కూడా చెప్పాడు. ఆయన బావమరిదికి. యాదమ్మ మళ్లీ నిలబడబోతోందని ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. చచ్చిపోయి జవాబు చెప్పలేని మనిషి నోట్లో తన మాట పెట్టి, ఆమె తయారుచేసిన మనిషినే ఆమె పేరుతో తప్పించడానికి ఎంత ధైర్యం ఉండాలి! అంత ధైర్యం ఏ తిట్టులోనూ లేదు. మర్యాదలోనే ఉంది.

మాట్లాడేవాళ్లలో నా పేరు కూడా ఉంది. నేను కాగితం విప్పుతుండగా ఆయన వంగి మెల్లగా అన్నాడు. “బిడ్డా, పెద్దలు పోతున్నరు. వెనక చాయ్ సంగతి జర చూడు. అచ్చినంక మాట్లాడుదువు.”

నేను కదల్లేదు. వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు. నేను వీపు కుర్చీకి ఆన్చాను. ఆయన నా పక్కనే కూర్చున్న యాదమ్మ వైపు తిరిగాడు.

“యాదమ్మా, నువ్వన్న లెవ్వు.”

“లేవ.”

“ఏందీ?”

“కుర్చి మంచిగున్నది పటేలా. కూసున్న.”

వెనక వరసల్లో మా ముందుగది ఆడవాళ్లు ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. కాసేపటికి వెనక పొయ్యి మీది పాలు పొంగి మాడిన వాసన హాలంతా కమ్మింది. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు తప్ప పొయ్యి దగ్గరికి ఒక్కరూ వెళ్లలేదు. నన్ను పిలవకుండానే సభ ముగించారు. అక్కడ చెప్పనివ్వని మాటలే ఇవి.

యాదమ్మ నామినేషన్ వేస్తుంది. వేయడం కష్టం కాదు, నిలవడమే కష్టం. ఉపసంహరణ రోజు వాళ్లు మళ్లీ వస్తారు. ఈసారి టీచరమ్మ ఫొటో పట్టుకుని, దండలు పట్టుకుని వస్తారు. యాదమ్మ భర్త మొన్న నాతో, “చాయ్ పెట్టుడు నేర్చిన చెల్లె. షక్కర్ జర ఎక్కువైతున్నది. ఈసారి నన్నడిగితె, ఆమెనడుగుమంట” అన్నాడు. ఆయన మాట నమ్మాలనే ఉంది. కానీ భుజం మీద ఒక చెయ్యి పడితే ఆ మాట ఏమవుతుందో నేను చూశాను.

పేము కుర్చీలు మూడూ టీచరమ్మ ఇంటి యజమానురాలు నాకే ఇచ్చింది. రిక్షాలో వేసుకుని యాదమ్మ ఇంటికి చేర్చాను. గుమ్మానికి ఎదురుగా వేశాం. ఒకదాని మధ్యలో పేము కుంగి ఉంది. టీచరమ్మ కూర్చునేది అందులోనే, నిండుగా. ఉపసంహరణ రోజు పొద్దుటి నుంచి ఆఫీసు మూసేదాకా యాదమ్మ అందులో కూర్చుంటుంది. పక్కన రెండు ఖాళీ. చాలకపోతే బల్ల తెస్తాం, చాప పరుస్తాం.

ఆ ముందుగదిలో ఒక్కసారైనా కూర్చున్నవాళ్లను, ఎప్పుడూ రాకపోయినా ఇది చదివి కోపం వచ్చినవాళ్లను అడుగుతున్నాను. ఆ రోజు వచ్చి యాదమ్మ పక్కన కూర్చుంటారా? స్టవ్వు వెలిగించడం వచ్చిన మగవాళ్లు కూడా రావచ్చు. వస్తారో రారో ఈ పత్రిక చిరునామాకే ఒక్క కార్డు ముక్క రాయండి. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా అందాలి.