కళ్ళకద్దుకున్న పుస్తకం

కివీల దేశంలో, మౌంట్ రాస్కిల్‌లోని ఒక చిన్న ప్రైవేటు బడి ఆఫీసు చూసుకునే సీతారత్నం పగలే కలలు కంటుంది. ఫోను మోగుతున్నా వేడి టీ కప్పు చెంపకు ఆనించుకుని కిటికీలోంచి మబ్బుల్ని చూస్తుంటుంది. నడవాలో పుస్తకం కాలికి తగిలితే మాత్రం ఠక్కున వంగి, తీసి కళ్ళకద్దుకుంటుంది.

పిల్లల చదువుకని తల్లిదండ్రులు పొదుపు పథకంలో దాచిన డబ్బు ఇక్కడి ఫీజుకి చెల్లాలంటే, బడి ఆ పథకంలో చేరాలి. లేకపోతే కొందరు పిల్లలు బడి మారాల్సిందే. పథకం తరఫున బడిని చూడ్డానికి ఆవేళ అమృత వచ్చింది. హైదరాబాదు పిల్లే అయినా ముక్తసరిగా ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది.

"ల్యాబ్ ఇంతేనా, మేడమ్?"

సీతారత్నం చూపు కిటికీ అవతలి మబ్బుల మీదికి పోయింది. అంతలో ఎర్రజుట్టు కివీ తెల్లపిల్లొకతె ఉత్తకాళ్ళతో పరిగెడుతూ కిందున్న పుస్తకాన్ని తొక్కింది. వెనక్కి వచ్చి, దాన్ని తీసి రెండు కళ్ళకూ అద్దుకుని, మళ్ళీ పరుగు తీసింది.

అమృత అక్కడే నిలబడిపోయింది. "మా పాపకి ఎన్నిసార్లు చెప్పినా అలవాటు కాలేదు ఆంటీ. మీరెలా నేర్పించారు?" అంది తెలుగులో.

"నేనెవరికీ చెప్పలేదమ్మా," అంది సీతారత్నం, ఆ పిల్ల వెళ్ళిన వైపే కలలోలా చూస్తూ.

అమృత మళ్ళీ ల్యాబు మాటెత్తలేదు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"వచ్చే ఏడాది మా పాపకి సీటుంటుందా, ఆంటీ?"