రాక్‌లాండ్స్‌లో లెఫా పాతిన బోర్డు

దక్షిణాఫ్రికాలో బ్లూమ్‌ఫోంటేన్ ఊరికి పడమట, తెల్లవాళ్లుండే పేటల్లో నేల ఎక్కడ మెత్తనో ఎక్కడ గట్టో లెఫా ఫాకోయెకు తెలిసినంత బాగా ఆ నేలకు పట్టాలున్న ఆసాములకు కూడా తెలియదు. ముప్పయ్యొక్క ఏళ్లు ఆ వీధుల్లో ఇళ్ల ముందు గుంజలు పాతాడు మరి. ఇళ్లు అమ్మిపెట్టే కంపెనీలో అతని పని అదొక్కటే. ఎవరైనా ఇల్లు అమ్మదలచుకుంటే, బక్కీ బండి వెనక తొట్టెలో గునపం, సుత్తి, ఇనుపతీగ చుట్ట పడేసుకుని వెళ్లి గేటు పక్కన “అమ్మకానికి” అన్న బోర్డు నిలబెట్టేవాడు. బేరం కుదిరాక మళ్లీ వెళ్లి దానిమీద అడ్డంగా “అమ్ముడుపోయింది” అన్న పట్టీ కొట్టేవాడు. ఇంకో పదిరోజులకు అదీ పీకేసి, గొయ్యి పూడ్చి, పైన గడ్డి సర్ది, అక్కడేమీ జరగనట్టు చేసి వచ్చేవాడు. అతను పాతిన బోర్డు ఆగస్టు గాలికి కూడా తల వంచి ఎరగదు.

ఆ పేటల్లో కుక్కలకు నల్లవాడు కనబడితే చాలు, గొంతు చించుకుంటాయి. లెఫాను చూస్తే మాత్రం తోకలూపేవి. జేబులో ఎప్పుడూ రెండు ఎండుమాంసం ముక్కలు ఉండేవి లెండి. ఫలానా ఇంట్లోవాళ్లు కుక్కను ఎవరికో ఇచ్చేశారని తెలిసిందా, “నెల తిరిగేసరికి అక్కడ నాకు పని పడుతుంది,” అనేవాడు. పడేది.

ఇన్నేళ్లలో ఒక్కటే పొరపాటు చేశాడు. పద్నాలుగో నంబరు ఇంటికి పాతాల్సిన బోర్డు నలభైయొకటో నంబరు ఇంటిముందు పాతాడు. సాయంత్రం మొగుడు వచ్చి బోర్డు చూసి, పెళ్లాం తనకు చెప్పకుండా ఇల్లు అమ్మకానికి పెట్టిందనుకున్నాడు. పెళ్లాం మొగుడే పెట్టాడనుకుంది. ఆ మాటా ఈ మాటా పెరిగి, ఎప్పటెప్పటివో పైకొచ్చాయి. మర్నాడు లెఫా పరిగెత్తుకెళ్లి బోర్డు పీకేశాడు కానీ, నాలుగు నెలలకు మళ్లీ అక్కడే నిజంగా పాతాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ టోపీ తీసి చేతిలో పట్టుకుంటాడు.

ఊరికి ఇవతల, అతను పుట్టి పెరిగిన రాక్‌లాండ్స్‌లో మాత్రం ఒక్క బోర్డూ పాతలేదు. అతని చిన్నప్పుడు అక్కడ ఎవరికీ ఇల్లు సొంతం కాదు, మునిసిపాలిటీ ఇచ్చిన పర్మిట్ కాగితం మీద కాపురం. తర్వాత రోజులు మారి పట్టాలు చేతికొచ్చాయి. అయినా అమ్మకం పద్ధతి మారలేదు. అమ్మదలచుకున్నవాడు చర్చి బయట ఒకరి చెవిలో వేస్తాడు, ఆ చెవి ఇంకో చెవిని పట్టుకుంటుంది, ఆఖరికి ఏ బావమరిదో సగం ధరకి ఎగరేసుకుపోతాడు. ఎప్పుడైనా బోర్డు లేచిందంటే అది బాకీ తీర్చనివాడి ఇంటికి బ్యాంకు పెట్టిందే.

లెఫా భార్య పేరు మామెల్లో. ఆ మాటకు ఓర్పు అని అర్థం. పేరు పెట్టినవాళ్లు ఆవిడ నోరు విప్పకముందే పెట్టి ఉండాలి. నెలనెలా చందాలు పోగుచేసి చావు ఖర్చులకు ఇచ్చే పేట చావుల సంఘానికి పద్దెనిమిదేళ్లుగా కార్యదర్శి. బీమా కంపెనీలతో పోట్లాడీ పోట్లాడీ, ఏ కాగితమైనా కిందనుంచి పైకి చదవడం అలవాటైపోయింది ఆవిడకి. సన్న అక్షరాలన్నీ కిందే కదా ఉండేది.

లెఫాకు యాభైయ్యైదు దాటిన ఏడు కంపెనీకి చిక్కొచ్చి పడింది. యాజమాన్యంలో నల్లవాళ్లెంతమంది, సరుకులూ పనులూ ఎవరి దగ్గర కొంటున్నారు, ఎవరికి పని నేర్పుతున్నారు అని చూసి కంపెనీలకు సర్కారు మార్కులు వేస్తుంది. వీళ్లకు వచ్చినవి చెప్పుకునేలా లేవు. మార్కుల్లేకపోతే సర్కారు భవనాల పనీ బ్యాంకుల పనీ చేజారిపోతాయి. యజమాని హౌగార్డ్ తెల్ల ముసలాయన. పొలాల్లో లెఫావాళ్ల సోతో పిల్లలతో ఆడుకుని పెరిగినవాడు కాబట్టి సోతో భాష నీళ్లు తాగినంత తేలిగ్గా మాట్లాడతాడు. లెఫాను పిలిపించి, నిన్ను కంపెనీలో వాటాదారుని చేస్తాను, శుక్రవారం వచ్చి సంతకం పెట్టు అన్నాడు.

శుక్రవారం లెఫా వెంట మామెల్లో కూడా వెళ్లింది. చర్చి మహిళాసంఘం ఎర్ర రవికె, తెల్ల కాలరు తొడుక్కుని మరీ వెళ్లింది. లెక్కలు చూసే కుర్రాయన, పెద్దవాళ్లను పిలిచినట్టు ‘న్తాతే’ అని గౌరవంగా పిలుస్తూ కాగితాలు ముందుకు జరిపాడు.

“న్తాతే లెఫా, ఇది ఉత్త లాంఛనం. ఒక్క సంతకం చాలు. మీ పని మీదే, మీ జీతం మీదే. ఏమీ మారదు.”

“ఏమీ మారకపోతే సంతకమెందుకు నాయనా?” అంది మామెల్లో.

కాగితం లాక్కుని కిందనుంచి చదవడం మొదలుపెట్టింది. మొదటి కాగితంలో కంపెనీలో నాలుగోవంతు లెఫాది అని ఉంది. దానికింద ఇంకో కాగితం. ఆ నాలుగోవంతు మీద లెఫా లాభం అడగకూడదు, మాట చెప్పకూడదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి ఇచ్చేయాలి అని అందులో ఉంది. ఆవిడ కళ్లద్దాలు తీసి మడిచింది.

“మేనేర్ హౌగార్డ్, మీక్కావలసింది నా మొగుడి పేరు. నా మొగుడు అక్కర్లేదు. పేరు మీరు ఉంచేసుకుంటే మిగిలినాయన్ని ఇంటికి తీసుకెళ్లి నేనేం చేసుకోను?”

ముసలాయన మొహం కందగడ్డయింది. రెండో కాగితం తీసుకుని తనూ చదివాడు. అంతకుముందు చదవలేదో, చదివీ చదవనట్టున్నాడో ఆయనకే తెలియాలి. లెక్కలాయన్ని కాసేపు బయట ఉండమన్నాడు.

“సరే అమ్మా. మరి మీకేం కావాలి?”

మామెల్లో కాదనడానికి తయారై వచ్చింది గానీ అడగడానికి కాదు.  అప్పటిదాకా టోపీ అంచు తడుముతూ కూర్చున్న లెఫా గొంతు సవరించుకున్నాడు.

“బోర్డులు,” అన్నాడు.

“ఏ బోర్డులు?”

“అన్నీ. పాతడం, పీకడం, రంగులు, అక్షరాలు వేసే మిషను, షెడ్డు. ఆ పనంతా నాకు విడిచిపెట్టండి. మిషనుకీ బండికీ ధర కట్టండి, కొనుక్కుంటాను. అది నా కంపెనీ అవుతుంది. మీరు నా దగ్గర పని కొనుక్కోండి. మార్కులు మీకు వస్తాయి, పని నాకుంటుంది. ఊళ్లో ఇంకో మూడు కంపెనీలున్నాయి, వాళ్లవీ నేనే పాతుతాను.”

హౌగార్డ్ కలం తీశాడు. “ముప్పయ్యేళ్లలో నువ్వు నాతో ఇన్ని మాటలెప్పుడూ మాట్లాడలేదు,” అన్నాడు. మూడేళ్లపాటు పని ఇస్తానని రాసిచ్చాడు. ఆ కాగితాన్నీ మామెల్లో కిందనుంచి పైకి రెండుసార్లు చదివింది.

బయటికొచ్చాక మొగుణ్ని మోచేత్తో పొడిచింది. “ఇన్నాళ్లూ ఈ నోరెక్కడ దాచావయ్యా?”

“ఇంటికంతటికీ నీదే సరిపోతోంది కదా, మళ్లీ రెండోది ఎందుకులే అని.”

అలా ఫాకోయె బోర్డుల కంపెనీ మొదలైంది. ఫాకోయె అంటే డేగ. బండి తలుపుమీద డేగ బొమ్మ వేయించాడు. వేసినవాడి చేతివాటానికి అది గుడ్లు పెట్టే కోడిలా వచ్చింది. లెఫా మార్పించలేదు. ఇద్దరు మనుషుల్ని పనిలో పెట్టుకున్నాడు, మొదటి ఏడాది కిందామీదా పడ్డాడు, రెండో ఏడాది నిలదొక్కుకున్నాడు.

ఆ రెండో ఏడాదే డిసెబో వచ్చింది. రాక్‌లాండ్స్ పిల్లే. ఇళ్లమ్మే పనిలో ఏడాది శిక్షణ చేసి, పరీక్ష ప్యాసై, లైసెన్సు తెచ్చుకుంది. హౌగార్డ్ కంపెనీ ఆ అమ్మాయిని పడమటి పేటలకు పంపిస్తే అక్కడ గేటు తీసేవాళ్లే కరువయ్యారు. అందుకని తిన్నగా లెఫా షెడ్డుకొచ్చింది.

“న్తాతే, మన పేటలో ఒక బోర్డు పాతాలి.”

“మన పేటలోనా?” లెఫా చేతిలో కుంచె ఆగిపోయింది. “అయ్యో. ఎవరిల్లు జప్తు చేశారమ్మా?”

డిసెబో పకపకా నవ్వింది. “మీరే అలా అంటే ఇంక మిగతావాళ్లేమంటారు?”

ఇల్లు పులానే అనే ఆవిడది. మొగుడు పోయి ఆరేళ్లయింది. మోకాళ్లు పనిచేయడం లేదు, థబాంచూలో చెల్లెలి దగ్గరకు వెళ్లి ఉందామనుకుంటోంది. మరిది ఎనభైవేల రాండ్లకు ఇచ్చేయమని పీక్కుతింటున్నాడు. డిసెబో లెక్కన అది రెండున్నర లక్షల పైమాటే.

శనివారం పొద్దున్నే లెఫా స్వయంగా గునపం పట్టుకెళ్లాడు. పడమటి పేటల్లో గునపం దిగితే పెంచిన గడ్డి, కొనుక్కొచ్చి పోసిన ఎర్రమన్ను తగిలేది. ఇక్కడ జానెడు లోతున బూడిద తగిలింది, నలభై ఏళ్లుగా బొగ్గు పొయ్యిల్లోంచి ఎత్తిపోసిన బూడిద.  అతను ఎప్పటికన్నా రెండు జానలు లోతుగా తవ్వాడు.

బోర్డు నిలబడి గంట కాలేదు, ఎదురింటావిడ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

“పులానే! బ్యాంకువాళ్లు ఎప్పుడొచ్చారమ్మా? ఒక్కమాట చెప్పలేదే! మేం చచ్చామనుకున్నావా?”

ఆవిడ వెనక ఇంకో నలుగురొచ్చారు. పదింటికల్లా మహిళాసంఘం ఎర్ర రవికెలతో దిగింది. ఒకరు మొక్కజొన్న నూకా చిక్కుళ్లూ ఉడికించిన గిన్నె తెచ్చారు, ఒకరు బకెట్టు నిండా అల్లం పానీయం తెచ్చారు. ముందుగదిలో చాపలు పరిచి చావింట్లో పాడే పాట అందుకున్నారు. పులానే అసలు సంగతి చెప్పబోయింది. ఒక్కరూ విననివ్వలేదు. “ఊరుకో తల్లీ, గుండె దిటవు చేసుకో,” అని వీపు నిమిరారు. ఆవిడ కూడా చెప్పీ చెప్పీ విసిగి, కంచం ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.

“పాడండి, పాడండి,” అంది నోటినిండా చిక్కుళ్లతో. “రేపు నేను నిజంగా పోయినప్పుడు ఎలాగూ నాకు ముద్ద దక్కదు.”

బయట, రైల్వేలో పనిచేసి దిగిపోయిన ముసలాయన రమసిమోంగ్ లెఫా చొక్కా పట్టుకున్నాడు.

“సిగ్గులేదురా నీకు? ఇన్నాళ్లూ తెల్లవాళ్ల గుమ్మాల్లో పాతావు, పోనీలే కూటికోసం అనుకున్నాం. ఇప్పుడు విధవరాలి గుమ్మంలో పాతుతావా?”

లెఫాను వదిలి బోర్డును పట్టుకుని ఊపాడు, భుజమేసి తోశాడు. అది ఇసుమంతైనా కదల్లేదు. ముసలాయన రొప్పుతూ గోడకానుకున్నాడు. లెఫా ఆయనకు ఒక గ్లాసు అల్లం పానీయం తెచ్చి ఇచ్చి, బక్కీ తొట్టె ఎక్కి నిలబడ్డాడు. లోపల పాట ఆపి అందరూ వాకిట్లోకి వచ్చారు.

“పెద్దలారా, ఇది అప్పు బోర్డు కాదు. పులానే ఎవరికీ కాణీ బాకీ లేదు. తన ఇల్లు తాను అమ్ముకుంటోంది, మంచి ధర రావాలని అందరికీ చెబుతోంది. అంతే. చెవిలో చెబితే ఒక్కడికే వినబడుతుంది, ఆ ఒక్కడు ఎంతంటే అంతే ధర. అటుపక్క వీధుల్లో ఇన్నేళ్లు చూశాను. బోర్డు పెట్టినందుకు అక్కడ ఎవరూ ఏడవరు, పక్కింటివాడు వచ్చి ఎంతకి పోతోందని అడుగుతాడు.”

 అల్లం నీళ్లు గటగటా తాగేసి రమసిమోంగ్ మీసాలు తుడుచుకున్నాడు.

“అయితే నా ఇల్లు ఎంత పలుకుతుంది?”

“అమ్ముతారా న్తాతే?” అని డిసెబో పుస్తకం తీసింది.

“అమ్మను. ఎంతో తెలుసుకోకూడదా? నా ఇల్లు కాదూ?”

ఆ మాటతో అందరూ డిసెబో మీద పడ్డారు. మాది మూల ఇల్లమ్మా, మా వెనక రెండు గదులున్నాయి, మాకు కొత్త రేకులు. తెచ్చిన తిండి ఎలాగూ ఉంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఎవరూ కదల్లేదు. ఏడుపు కోసం వచ్చిన జనం కొలతలు చెప్పి వెళ్లారు.

మూడోవారంలో ఇల్లు అమ్ముడుపోయింది. ఆస్పత్రిలో నర్సు ఒకావిడ, పదకొండేళ్లు ఎవరి పెరట్లోనో రేకుల గదిలో అద్దెకున్న మనిషి, రెండు లక్షల డెబ్బైవేలకు కొనుక్కుంది. మరిది నెల్లాళ్లు మొహం మాడ్చుకుని తిరిగాడు. పులానే సామాను లెఫాయే తన బండిలో థబాంచూ చేర్చాడు. ఆ ఏడాది తిరిగేలోపు రాక్‌లాండ్స్‌లో ఇంకో తొమ్మిది బోర్డులు లేచాయి, ఒక్కదానికీ ఎవరూ పాటలు పాడలేదు. హౌగార్డ్ కంపెనీకి మార్కులు బాగానే వచ్చాయని విన్నాడు లెఫా. ఎన్ని అని కనుక్కోలేదు.

పులానే బోర్డు మీద “అమ్ముడుపోయింది” పట్టీ కొట్టిన రోజు మాత్రం మామెల్లో చూడ్డానికి వెళ్లింది. కాపురానికొచ్చినప్పటినుంచీ మొగుడు చేసే పని ఆవిడ కళ్లారా చూసింది లేదు. మేకుల డబ్బా పట్టుకుని నిచ్చెన పక్కన నిలబడింది.

“వంకరగా ఉంది,” అంది.

“వంకర కాదు. రోడ్డుమీద పోయేవాడికి తిన్నగా కనబడాలంటే ఇలాగే కొట్టాలి.”

“నా కళ్లకి వంకరే.”

“రోడ్డు దాటి చూడు మరి.”

చీదరించుకుంటూనే రోడ్డు దాటింది. తల ఇటు వంచింది, అటు వంచింది, కళ్లద్దాలు పెట్టుకుంది, తీసింది. తిన్నగానే ఉంది. ఆ మాట ఆవిడ నోట రాలేదు. తిరిగొచ్చి డబ్బాలోంచి ఇంకో నాలుగు మేకులు ఏరి, ఒక్కొక్కటే అతని చేతికి అందించింది.