పోయించని చుక్కలు

ఎన్నేళ్లుగానో కడుపులో పెట్టుకున్న మాట ఇది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు మొదటి నుంచీ చెప్పగలుగుతున్నాను. మా ఊళ్లో నన్ను నోరుగలదంటారు. నిజమే, ఎవరినైనా కడిగిపారేస్తాను. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం మొన్నటిదాకా నోరు పెగల్లేదు.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మగవాళ్లిద్దరూ దుబాయిలో. ఇంట్లో అత్త, నేను, నా తోడికోడలు మౌనిక. అప్పటికి ఆమె కొడుకుకు మూడు నెలలు దాటాయి. టీకాల రోజు ఆమెకు జ్వరం వస్తే పిల్లవాణ్ణి నేనే అంగన్‌వాడీకి ఎత్తుకుపోయాను. తొడకు సూదులు వేశారు. వాడు గుక్కపట్టాడు. ఏడుపులో చుక్కలు పోస్తే పొలమారుతుంది, తేరుకున్నాక పోస్తాను, విరేచనాలు ముదరకుండా కాపాడే మందు, కాసేపు కూర్చో అంది నర్సు.

కూర్చున్నానా? లేదు. చేసిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పే వేళ దాటిపోతోంది. అదీగాక మా ఆడవాళ్ల లెక్కలో సూదే అసలు మందు. నొప్పి పుట్టి ఒళ్లు కాలితేనే పనిచేసినట్టు. నోట్లో పోసే చుక్కలదేముందిలే అనుకున్నాను. నర్సు వేరే పిల్లలతో ఉండగా వచ్చేశాను.

గుమ్మంలోనే మౌనిక అడిగింది.

“చుక్కలు గూడ పోసిన్రా అక్కా?”

“పోసిన్రు.”

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! తర్వాత ఎప్పుడైనా తీసుకుపోయి పోయించొచ్చు కదా? పోసిన్రు అన్నాక మళ్లీ ఏమని ఎత్తుకుపోను?

చలికాలంలో వాడికి వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. ఆటోలో జగిత్యాల ఆస్పత్రికి పరుగెత్తాం. రోటావైరస్ అన్నారు, ఆ చుక్కలు అడ్డుకునే జబ్బే. చుక్కలన్నీ వేయించారా అని డాక్టర్ అడిగితే, మౌనిక నా వైపు చూసి, అన్నీ వేయించామంది. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

పిల్లవాడు బతికాడు. అది నా గొప్ప కాదు. ఆ చుక్కలు పడి ఉంటే జబ్బు రాకపోయేదా? వచ్చినా అంత ముదరకపోయేదా? అంతకుముందు రెండుసార్లు పడ్డాయి కదా, ఒక్కసారి తప్పితే ఏమవుతుంది? నా తరఫున నేనే వకీలునై ఇలా వాదించుకుంటాను, ఏ రోజూ గెలవలేదు.

అసలు పాపం ఆ తర్వాత చేశాను. జామకాయలు తిని పాలు చెడగొట్టి పిల్లవాడికి జబ్బు తెచ్చిందని మౌనికను అత్త ఊరంతా వినేలా తిట్టింది. పిల్లవాడికి పాలు మాన్పించింది. రొమ్ములు గడ్డకట్టి మౌనిక మూలుగుతుంటే గుడ్డ కట్టింది నేనే. అప్పుడైనా చెప్పొచ్చుగా? బదనాం నా మీదికి వస్తుందని భయం. అంతే, ఇంకే కారణమూ లేదు.

ఇప్పుడామెకు ఆడపిల్ల పుట్టింది. తన పాలంటే తనకే భయం పట్టుకుంది. మిరియాల చారుతో నాలుగు మెతుకులు తిని లేచేది. చిక్కి సగమైంది. రేపటి నుంచి పిల్లకు డబ్బా పాలే పడతానంది. మొన్న ఆ పసిదాన్ని నా ఒళ్లో పెట్టి, టీకాలకు నువ్వే తీసుకుపో అక్కా, నువ్వైతే నాకు నమ్మకం అంది. నా మీద నాకే ఒళ్లు మండింది. అక్కడికక్కడే అంతా చెప్పేశాను.

ఆమె అరవలేదు. ఒక్కటే అడిగింది.

“గీ ముచ్చట అత్తకు చెప్పినవా?”

చెప్పలేదు. ఆమె ఒక్కదానికే చెప్పి, నా బరువు దించేసుకుందామనుకున్నాను. ఎంత తెలివి! ఆమె మీద పడ్డ నింద ఊరంతా తిరుగుతూ ఉంటే నాకేం అనుకున్నానా?

లేచి అరుగు మీదికి వెళ్లాను. అత్త, పక్కింటి ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. మౌనిక పాలలో ఏ దోషమూ లేదని, ఆ రోజు చుక్కలు పోయించకుండా వచ్చి అబద్ధమాడింది నేనేనని, లోపలికి కూడా వినపడేలా చెప్పాను. అత్త నా మొహం కూడా చూడలేదు.

లోపలికొస్తే మౌనిక పిల్లకు పాలిస్తోంది. నన్ను చూసి అటు తిరిగి కూర్చుంది. ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడమని నేను అడగను.