బంతి ఎవరింటికి

పోయిన శనివారం సాయంత్రం ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకు తగిలి ఆగింది. వంగి తీశాను. మధ్యాహ్నం పడిన వానకి తడిసి, మట్టి కొట్టుకుపోయి బరువుగా ఉంది. తిరిగి విసరబోతూ, ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నలుగురూ చూస్తే ఏమనుకుంటారన్న ధ్యాస కూడా లేదు. తడి తోలు వాసన, బంకమట్టి వాసన. అచ్చంగా మా ఊరి కాలువ అడుగు వాసన. గ్రౌండులోంచి ఎవరో పిల్ల "ఆంటీ, బంతి" అని కేకేసింది. విసిరేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిహేనేళ్ళుగా రాజమండ్రి బజారులో స్టీలు సామాన్ల కొట్టు మీద కూర్చుని, గీచి గీచి బేరమాడేవాళ్ళతో నోరు చేసుకునే మనిషిని నేను. ఒక బంతి వాసన చూసి ఏడ్చానంటే మా ఆయన కూడా నమ్మరు.

అక్కడికి నేను వెళ్ళింది మా అమ్మాయి మేఘన కోసం. దానికి పదకొండేళ్ళు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆడపిల్లలకి నేర్పి పోటీలకు పంపే క్లబ్బులు మేం చూసినంతలో రెండు తేలాయి. మొదటిది తివాచీలాంటి పచ్చగడ్డి పరిచిన చోటు. గోడ నిండా కప్పులు పట్టుకున్న పిల్లల ఫొటోలు, ప్రతి పిల్ల వీపు మీదా పేరు. అక్కడ ట్రయల్స్‌లో మేఘన మూడు గోల్స్ కొట్టింది. తీసుకుంటాం, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పండన్నారు. మా ఆయన చేతిలో పెన్నుంటే అప్పుడే ఫారం నింపేసేవారు. రెండోది ఒక స్కూలు వెనక మట్టి గ్రౌండు, కోచ్ నిండా పాతికేళ్ళు లేని అమ్మాయి. ఇక్కడ మేఘన తేలిపోయింది. బురదలో కాలు నిలవలేదు, తనకంటే చిన్నపిల్లలు బంతి లాక్కుపోతుంటే చూస్తూ నిలబడింది. ఇందులో ఆలోచించడానికేముందని ఎవరైనా అంటారు. కానీ నా బెంగ ఏది గొప్ప క్లబ్బు అన్నది కాదు. పన్నెండూ పదమూడేళ్ళు వచ్చేసరికి ఆడపిల్లలు ఒక్కొక్కళ్ళే చడీచప్పుడూ లేకుండా ఆట మానేస్తారు. నేనూ మానేశాను, ఒకావిడ పూనుకోకపోతే ఆ మానేయడం మానేయడమే అయ్యేది. మేఘన ఎక్కడుంటే ఆటలో మిగులుతుంది అన్నది ఆవిడనడగాలి. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

పేరు సువార్తమ్మ. రాజమండ్రికి దిగువన, కాలువ గట్టునున్న మా ఊళ్ళో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కింద కాన్వాసు బూట్లు, మెడలో నల్లతాడుకి విజిలు. ఆవిడ జన్మలో ఫుట్‌బాల్ ఆడలేదు. స్టోర్‌రూములో ఒక బంతి, ఒక రూల్స్ పుస్తకం దొరికితే, ఆ పుస్తకం చదువుకుంటూ మాకు నేర్పారు. మేం ఏదైనా అడిగితే "ఆగండమ్మా, ఆ పేజీకి ఇంకా రాలేదు" అనేవారు. స్కూలు గ్రౌండు రోడ్డు పక్కనే. నిక్కర్లేసుకున్న ఆడపిల్లలు రోడ్డు మీదకి కనిపిస్తే ఊరు ఊరుకోదు. అందుకని ఏటా వేసవిలో కాలువలు కట్టేసి నీళ్ళు ఆగిపోగానే ఆవిడ మమ్మల్ని కాలువలోకి దింపేవారు. అడుగు ఎండి గట్టిపడేది. బంతి ఎటు తన్నినా అటు గట్టూ ఇటు గట్టూ వెనక్కి పంపేసేవి, వెళ్ళి తెచ్చుకునే పనే లేదు. పైన వంతెన మీద మాత్రం సైకిళ్ళాపుకుని చూసే మగాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళు. మాకు సిగ్గేసి ఆగిపోతే ఆవిడ తల కూడా ఎత్తకుండా, "చూడనివ్వండమ్మా, ఆడటం రాకేగా అక్కడ నుంచున్నారు" అనేవారు.

ఆవిడకో పద్ధతి ఉండేది. సాయంత్రం ఆఖరి విజిలు వేశాక అందర్నీ ఒకసారి కలయజూసి, ఆ రోజు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన పిల్ల చేతిలో బంతి పెట్టేవారు. "ఇవాళ ఇది మీ ఇంట్లో ఉంచమ్మా. రేపు నాలుగున్నరకి తీసుకురా." అంతే. బాగా ఆడలేదనే మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. రాకపోతే మాకు తెలియదా ఏం. బేబీ అని మా క్లాసు పిల్ల, వాళ్ళమ్మానాన్నలు కూలికి వెళ్ళేవాళ్ళు. మొదటి వేసవిలో దాని ఇంటికి వరసగా పది రోజులు వెళ్ళింది బంతి. పదకొండో రోజున నేను అందరిముందూ, "బంతికి బేబీ వాళ్ళిల్లు అలవాటైపోయింది, ఇక రేషన్ కార్డులో పేరెక్కించుకోవాలి" అన్నాను. అందరూ నవ్వారు, బేబీ కూడా నవ్వింది. నా నోరు అప్పటినుంచీ అంతే. మా ఇంటికి బంతి రాలేదంటే నేనెంత ఆటగత్తెనో ఆలోచించుకోండి. ఆ పొగరుతో నేల మీద నిలవకుండా తిరిగేదాన్ని.

ఎనిమిదో తరగతిలో ఉండగా పెద్దాపురంలో ఆడిన ఒక పోటీలో నా ఆట చూసి, కాకినాడలోని పెద్ద జట్టు తరఫున ఒకాయన మా స్కూలుకి వచ్చాడు. ఆయనకి కావలసింది మా జట్టు కాదు, నేనొక్కదాన్నే. శనాదివారాలు బస్సెక్కి వస్తే చాలు, బూట్లూ బట్టలూ వాళ్ళవే. మా నాన్నకి కిరాణా కొట్టు. ఉప్పుకీ పప్పుకీ వచ్చిన ప్రతి మనిషికీ ఈ సంగతి చెప్పి మురిసిపోయారు. సువార్తమ్మ టీచర్ గారు మాత్రం ఆ వచ్చినాయన్ని ఒకే ఒక్కటి అడిగారు. "మా పిల్ల బాగా ఆడని రోజున ఏం చేస్తారండీ?" ఆయన నవ్వి, ఇలాంటి పిల్ల ఆడకపోవడం ఏంటండీ అన్నాడు. ఆయన వెళ్ళాక ఆవిడ నన్ను పిలిచి, ముందు రెండు వారాలు వెళ్ళి ఊరికే కూర్చుని చూడు, ఆ తర్వాత చేరుదువుగాని అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను పైకొస్తుంటే కుళ్ళుకుంటున్నారనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది.

"మీ దగ్గరుంటే జన్మంతా ఈ కాలువలోనే ఉంటానండీ" అన్నాను.

ఆవిడ విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ, "అదీ నిజమేనమ్మా" అన్నారు.

కాకినాడలో నా వైభోగం మూడు మ్యాచ్‌లు. మూడోదాంట్లో మా గోలు ముందర నేనే బంతిని తీసుకెళ్ళి ఎదుటి జట్టు పిల్ల కాళ్ళ దగ్గర పెట్టినట్టు తన్నాను, ఓడిపోయాం. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాతి వారం పేర్లు చదివినప్పుడు నా పేరు లేదు, ఆ తర్వాత వారమూ లేదు. తెల్లారకుండా లేచి బస్సెక్కి వెళ్ళడం, గ్రౌండు పక్కన కూర్చోవడం, మళ్ళీ బస్సెక్కి రావడం. అలా నాలుగు వారాలు. ఐదో వారం కడుపునొప్పని పడుకున్నాను. నేనెందుకు రాలేదని కాకినాడ నుంచి ఒక్క కబురు రాలేదు. బూట్లు తీసుకెళ్ళి కొట్టులో బెల్లం బస్తాల వెనక పడేశాను. మా మామ్మ, అంటే మా నాన్నవాళ్ళమ్మ, "పోనీలే, ఇకనైనా మగరాయుడిలా తిరక్కుండా ఇంటిపట్టున ఉంటుంది" అని సంబరపడింది. స్కూల్లో డ్రిల్లు పీరియడంటే తలనొప్పని క్లాసులోనే కూర్చునేదాన్ని. అన్న మాట అన్నాక ఆవిడ మొహం ఎలా చూడను?

ఏప్రిల్ వచ్చింది, కాలువ కట్టేశారు. వద్దు వద్దనుకుంటూనే వెళ్ళి వంతెన మీద నిలబడ్డాను, ఆ సైకిళ్ళవాళ్ళ పక్కన. కింద బేబీ బంతి తీసుకుని ఇద్దరు పిల్లల్ని దాటుకుంటూ పోతోంది. మా బేబీయేనా అనిపించింది. అంతలో టీచర్ గారు తలెత్తి పైకి చూశారు. వంతెన మీదికి ఎన్నడూ చూడని మనిషి. నేను పరుగున ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దువాలే వేళకి ఆవిడ మా ఇంటికి వచ్చారు, చంకలో బంతితో. మామ్మ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఇచ్చిన గ్లాసు, మా ఇంట్లో మిగతా గ్లాసులతో కలవకుండా కిటికీలో విడిగా ఉండేది. ఎవరికోసం విడిగా ఉండేదో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడ మజ్జిగ తాగి, పెరట్లోకి వెళ్ళి గ్లాసు తనే కడిగి, కిటికీలో బోర్లించారు. నేను తలుపు చాటున నిలబడి ఇదంతా చూశాను. ఆ సిగ్గు ఇంకా నాలో పోలేదు.

మామ్మ, అడగకముందే, మా పిల్లని ఇక ఆటలకి పంపమండీ అనేసింది.

"పంపమని అడగడానికి రాలేదండీ మామ్మగారూ. ఇది స్కూలు వస్తువు, ఉన్నది ఇదొక్కటే. పోతే నేను జవాబు చెప్పుకోవాలి. వ్యాపారం చేసే ఇల్లు, పరాయి సొమ్ము భద్రంగా ఉంటుందని తెచ్చాను. రేపు నాలుగున్నరకి కాలువ దగ్గరకి పంపించండి, చాలు."

బంతి అరుగు మీద పెట్టి, జవాబు కోసం ఆగకుండా గబగబా వెళ్ళిపోయారు. పరాయి సొమ్ము అనే మాట వింటే చాలు మా మామ్మకి నిద్ర పట్టదు. ఆ సాయంత్రం గాలివాన రాబోతే, ఆ మడి మనిషే, ఎవరెవరి కాళ్ళు తగిలాయో తెలియని ఆ బంతిని పైటచెంగుతో పట్టుకుని లోపలికి తెచ్చి బియ్యం డబ్బా మీద పెట్టింది. మర్నాడు నాలుగు కాకముందే నా వెంటపడింది. "లేవే. పరాయివాళ్ళ సొత్తు ఇంట్లో ఉంచుకోకూడదు. ఇచ్చిరా." బెల్లం బస్తాల వెనక బూట్లు వెతికిచ్చింది కూడా మామ్మే.

కాలువలోకి దిగేసరికి ఇరవైమందీ బంతి కోసం కూర్చుని ఉన్నారు. క్షమించండని చెప్పడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. టీచర్ గారు నా కాళ్ళకేసి చూసి, "బూట్లు తెచ్చుకున్నావు, మంచిది" అని విజిలు వేసేశారు. ఆ రోజు దారుణంగా ఆడాను. ఆఖర్న బంతి నా చేతిలోనే పెట్టారు. అప్పుడు బేబీ నా పక్కకొచ్చి, ఎగతాళేమీ లేకుండా, అనుభవం ఉన్న మనిషిలా చెప్పింది. "వాకిట్లో పెట్టకు, కుక్కలు కొరుకుతాయి. లోపల ఎత్తు మీద పెట్టుకో." పది రోజుల బంతి బరువు ఆ పిల్ల ఎలా మోసిందో నాకప్పుడు తెలిసింది. వరసగా ఐదు రోజులు మా ఇంటికే వచ్చింది బంతి, ఐదు రోజులూ మామ్మ నన్ను తరిమింది. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా ఆడాను. నేనేం దేశానికి ఆడలేదు. ఆడాను, అంతే, అది చాలు.

రిటైరయ్యాక ఒకసారి ఆవిడ మా కొట్టుకి వచ్చారు, కాఫీ గ్లాసులు కొనుక్కోవడానికి. నేను తాగే గ్లాసులోనే కాఫీ పోసి ఇచ్చాను. తాగి, పాత అలవాటుకొద్దీ కడగడానికి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. తర్వాత నేనే అడిగాను, బాగా ఆడనివాళ్ళకే బంతి ఎందుకిచ్చేవారండీ అని.

"బాగా ఆడినవాళ్ళు ఎలాగూ వస్తారు కదమ్మా. ఆడలేనివాళ్ళకి మర్నాడు రావడానికి ఏదో ఒక సాకు కావాలి. వాళ్ళకీ, వాళ్ళింట్లోవాళ్ళకీ కూడా."

ఆ పచ్చగడ్డి క్లబ్బాయన్ని మొన్ననే నేనూ అడిగాను, బాగా ఆడని పిల్లని ఏం చేస్తారండీ అని. "అలాంటి పిల్లల్ని మేం తీసుకోమండీ" అన్నాడు గర్వంగా. శనివారం ఈ మట్టి గ్రౌండు అమ్మాయినీ అదే అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "ఏం చెయ్యాలో నాకూ తెలీదండీ. రేపు రాదేమోనని భయమేసి ఫోన్ చేస్తాను. ఒక్కోసారి ఎత్తరు." అంతలో మేఘన వచ్చింది, మోకాళ్ళ దాకా బురద, ముక్కు ఎర్రగా. ఇక్కడికి మళ్ళీ రానంది. నేను కోచమ్మాయిని ఒక బంతి ఇవాళ్టికి ఇవ్వమని అడిగాను. ఉన్నవి మూడేనండీ, రేపు తప్పకుండా తేవాలి మరి అంది. అందుకేనమ్మా అడుగుతున్నాను అన్నాను. ఆ పిల్లకేం అర్థమైందో, బంతి నాకివ్వకుండా మేఘన చేతిలో పెట్టింది.

స్కూటరు మీద దారి పొడుగునా మేఘన మూతి ముడుచుకునే కూర్చుంది. రేపు నువ్వే వెళ్ళి ఇచ్చెయ్, నేను రాను అంది. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. మూడున్నరకి ఎవరో భుజం పట్టి కుదుపుతున్నారు. చూస్తే మేఘన, కాళ్ళకి బూట్లు, చేతిలో తుడిచి పెట్టుకున్న బంతి. "అమ్మా, లే. మూడే ఉన్నాయంట కదా, పాపం వాళ్ళు ఎలా ఆడతారు?" ఆ రోజూ గొప్పగా ఏం ఆడలేదు. బంతి మళ్ళీ మా ఇంటికే వచ్చింది, ఈసారి నేను అడగలేదు.

సోమవారం పొద్దున్నే పచ్చగడ్డి క్లబ్బాయన ఫోన్ చేశాడు, ఏమనుకున్నారండీ అని. మా ఆయన నాకేసి చూస్తున్నారు. బంతి బియ్యం డబ్బా మీద ఉంది.

"మా ఇంట్లో పరాయివాళ్ళ బంతి ఉండిపోయిందండీ" అన్నాను. "సాయంత్రం ఇచ్చి రావాలి."